ఆగిన మగ్గాల గడి

నేను ముప్పై ఐదేళ్లకే రిటైరయ్యాను. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్లు ముందు నా జుట్టు వైపు చూస్తారు, ఆ తర్వాత ఆరోగ్యం గురించి అడుగుతారు. రెండూ బాగానే ఉన్నాయి. పదకొండేళ్లు సర్వే పట్టికలు నింపాను, ఇక చాలనిపించింది, మానేశాను. సర్కారు కొలువైతే శాలువా కప్పేవాళ్లు. మాది కాంట్రాక్టు కాబట్టి చివరి రోజున ల్యాప్‌టాప్ ఛార్జర్ అడిగి తీసుకున్నారు. ఇప్పుడు నార్కట్‌పల్లిలో హైవే పక్కన మా బామ్మర్దితో కలిసి టిఫిన్ సెంటర్ నడుపుతున్నాను.

ఈ పనిలో కొత్తగా చేరిన వాళ్లు కొందరు దారిలో ఆగి దోశ తింటూ, "అన్నా, గీ పనిల అసలు ఏముంటది?" అని అడుగుతుంటారు. దోశ చల్లారేలోపు చెప్పగలిగేది కాదు. అందుకే రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి ఇందులో ఉండదు. అవి ఉంటే కదా.

పని అంటే ఇదే

అడ్డంగా ఒక ప్రశ్నకు జవాబులు, నిలువుగా ఇంకో ప్రశ్నకు జవాబులు, మధ్యలో గడులు, చివర్లో మొత్తాలు. రెండు వైపుల పట్టిక అంటే అంతే. దీనికి డిగ్రీ ఎందుకని మా బామ్మర్ది అడిగాడు. సాంబారు చూసి రమ్మని పంపేశాను.

మా టిఫిన్ సెంటర్‌నే చూడండి. పొద్దున ఎనభై మంది వచ్చారనుకుందాం. యాభై మంది ఇడ్లీ, ముప్పై మంది దోశ. అరవై మంది కూర్చుని తిన్నారు, ఇరవై మంది పార్సిల్ కట్టించుకున్నారు. కూర్చుని ఇడ్లీ తిన్నవాళ్లు ముప్పై ఐదుగురని ఒక్క ముక్క చెప్పండి చాలు. ఇడ్లీ పార్సిళ్లు పదిహేను, కూర్చుని దోశ తిన్నవాళ్లు ఇరవై ఐదుగురు, దోశ పార్సిళ్లు ఐదు. ఒక గడి తెలిస్తే మిగతా మూడూ వాటంతటవే వచ్చి కూర్చుంటాయి. మనం లేచి వెళ్లి ఎవరినీ అడగనక్కర్లేదు.

ఈ పనిలోని సుఖమంతా అదే. ప్రమాదమూ అదే.

యాదగిరి సారు

నాకు పని నేర్పింది యాదగిరి సారు. లెక్కల మాస్టారుగా రిటైరై, ఇంట్లో కూర్చోలేక మా సర్వే ఆఫీసులో చేరాడు. మొదట మహబూబ్‌నగర్లో, తర్వాత నల్లగొండలో ఆయన కిందే చేశాను. అడ్డం మొత్తం, నిలువు మొత్తం కలవకపోతే ఆయన తిట్టేవాడు కాదు. కాగితం తిప్పి మన ముందు పెట్టి, తను చాయ్ తాగడానికి వెళ్లిపోయేవాడు. తప్పు దొరికేదాకా వచ్చేవాడు కాదు. ఆయన ఎక్కువ చాయ్ తాగింది నా వల్లే.

పాలమూరులో ఒక కాలేజీకి సర్వే చేశాం. రెండు వందల మందిలో ఆడపిల్లలు నూట యాభై, మగపిల్లలు యాభై. రోజూ ఆలస్యంగా వచ్చేవాళ్లు యాభై మంది, అందులో ముప్పై మంది ఆడపిల్లలే. ప్రిన్సిపాల్ ఆ ముప్పై చూసి, ఆడపిల్లలను మైదానంలో నిలబెట్టి మందలిస్తానని లేచాడు. నేనూ తల ఊపాను. యాదగిరి సారు ఆయనను కూర్చోబెట్టి పట్టికను ఇంకో వైపు నుంచి చదివించాడు. నూట యాభై మంది ఆడపిల్లల్లో ఆలస్యమయ్యేది ముప్పై మంది, అంటే ఐదుగురిలో ఒకరు. యాభై మంది మగపిల్లల్లో ఇరవై మంది, అంటే ఐదుగురిలో ఇద్దరు. అంకెలు అవే. అడ్డంగా చదివితే ఒక కథ, నిలువుగా చదివితే ఇంకో కథ. మైదానం కార్యక్రమం రద్దయింది. మగపిల్లలు మాత్రం ఇప్పటికీ ఆలస్యంగానే వస్తున్నారని విన్నాను.

పది నిమిషాల్లో నింపిన పట్టిక

ఇప్పుడు నేను చేసిన తప్పు సంగతికి వస్తాను. దాని కోసమే ఇదంతా.

నల్లగొండలో ఉండగా చేనేత మగ్గాల సర్వే వచ్చింది. నార్కట్‌పల్లి దాటి లోపలికి పోతే వచ్చే ఒక నేత ఊరు. తూర్పు వాడ, పడమటి వాడ, మొత్తం తొంభై మగ్గాలు. ఎవరి మగ్గం నడుస్తోందని రాస్తే వాళ్లకే నూలు మీద రాయితీ కార్డు. ఆగిపోయిందని రాస్తే పేరు ఉండదు.

ప్రశ్నల కాగితం తయారు చేసింది నేనే. అందులో నాలుగో ప్రశ్న: "మగ్గం నడుస్తోందా?" అవును, కాదు. ఇంత చక్కటి ప్రశ్న రాసినందుకు నన్ను నేను మెచ్చుకున్నట్టు కూడా గుర్తు.

ఇంటింటికీ తిరిగింది సుజాత. పాలమూరు అమ్మాయి, నల్లగొండలో కిరాయి గదిలో ఉండేది, స్కూటీ మీద ఊళ్లు తిరిగేది. రాసింది రాసినట్టు పంపే మనిషి. రెండు రోజుల్లో ఊరు పూర్తి చేసింది. అయితే ఆమె ట్యాబ్ నుంచి తూర్పు వాడ వివరాలు మాత్రమే మాకు అందాయి. పడమటి వాడవి సిగ్నల్ లేక ట్యాబ్‌లోనే ఉండిపోయాయి. హైదరాబాదుకు మాత్రం ఆమె రెండు రోజుల మొత్తాలూ ఫోన్లో చెప్పింది. అక్కడి నుంచి నాకు సగం పట్టిక వచ్చింది.

తూర్పు వాడలో నడుస్తున్నవి నలభై, ఆగినవి నాలుగు. ఊరు మొత్తం మీద నడుస్తున్నవి నలభై ఏడు, ఆగినవి నలభై మూడు. పడమటి వాడ వరుస ఖాళీ.

సుజాత సాయంత్రానికి వస్తుంది, ట్యాబ్ చూడొచ్చు. కానీ తీసివేత ఉండగా సుజాత ఎందుకు? నలభై ఏడులోంచి నలభై తీస్తే ఏడు. నలభై మూడులోంచి నాలుగు తీస్తే ముప్పై తొమ్మిది. రెండూ కలిపితే నలభై ఆరు. తూర్పు నలభై నాలుగు, పడమర నలభై ఆరు, మొత్తం తొంభై. అడ్డం కలిసింది, నిలువు కలిసింది. యాదగిరి సారు చాయ్‌కి వెళ్లే అవసరమే రాలేదు. "భేష్" అన్నాడు. ఆయన నోట ఆ మాట వినడం అదే మొదటిసారి. పట్టిక పైకి పంపాం. సిగ్నల్ దొరికాక పేర్లు సుజాత ట్యాబ్ నుంచి నేరుగా హైదరాబాదుకు వెళ్లాయి, జాబితా అక్కడే తయారైంది.

ఒకే ఊరు. ఒక వాడలో దాదాపు అన్ని మగ్గాలూ నడుస్తున్నాయి, మధ్యలో ఒక సిమెంటు రోడ్డు దాటితే దాదాపు అన్నీ ఆగిపోయాయి. రోడ్డుకు అంత శక్తి ఎక్కడిదని ఎవరైనా అడగాలి. నేను అడగలేదు. మొత్తం కలిసిన పట్టికను ఎవరూ ప్రశ్న అడగరు. కడుపు నిండినవాడిని అన్నం తిన్నావా అని అడగనట్టే.

బాలమణి

జాబితా పంచాయతీ గోడకు అంటించిన నాలుగో రోజు, గురువారం, ఒకావిడ మా ఆఫీసుకు వచ్చింది. యాభై దాటని వయసు, చేతిలో గుడ్డ సంచి. వాకిట్లోనే నిలబడి అడిగింది.

"నా మగ్గం సచ్చిపోయిందని రాసిన సారు ఎవరు?"

నేను అటూ ఇటూ చూశాను. ఆఫీసులో ఆ సమయానికి నేనూ, ఫ్యానూ ఉన్నాం.

ఆమె పేరు బాలమణి, పడమటి వాడ. కుర్చీ వేస్తే కూర్చోలేదు. సంచిలోంచి చీర తీసి నా కీబోర్డు మీద పరిచింది.

"గిది నిన్న మగ్గం మీదికెళ్లి కోసిన. ఆగిన మగ్గం మీద గిది ఎట్ల వచ్చింది? మంత్రమేసిన్నా?"

ఫారంలో ఆగిందని చెప్పినట్టు ఉందమ్మా అన్నాను. ప్రపంచంలో ఇంతకంటే చేతకాని వాక్యం లేదు. అయినా మా వృత్తిలో రోజూ వాడతాం.

"మీ పిల్ల అమాస నాడు వచ్చింది," అంది ఆమె. "నడుస్తాందా అని అడిగింది. ఇయ్యాల నడుస్తలేదని చెప్పిన. అమాస నాడు మగ్గం ఎవడు నడుపుతడు సారు?"

ఆ సంగతి నాకు తెలుసు. మా తాత నేత. మా బాపు బట్టల షాపులో పని. తాత పోగులు లెక్కపెట్టాడు, బాపు మీటర్లు కొలిచాడు, నేను గడులు నింపుతున్నాను. మా అవ్వ అమాస వచ్చిందంటే మగ్గం తుడిచి, పసుపు కుంకుమ పెట్టి, ఆ రోజు ఎవరినీ పోగుల మధ్య తిరిగే నాడెను ముట్టనిచ్చేది కాదు. నేతోళ్లకు నెలకు ఒక్కటే సెలవు, అది అమాస. ఆదివారం అనేది మాకు తర్వాత తెలిసింది. ఇదంతా తెలిసిన నేను, సర్వే తేదీలు వేసేటప్పుడు గోడ మీద క్యాలెండర్లో ఆదివారాలు మాత్రమే చూశాను.

ఆ మాటే ఆమెతో చెప్పాను, మేమూ నేతోళ్లమే అని. తిడుతుందనుకున్నాను. తిడితే సులువుగా ఉండేది.

"అయితే మీ అవ్వ నీకేం చెప్పలేదా బిడ్డా?" అంది. అంతే.

అప్పుడు కూర్చుంది. ఆమె భర్త కుడి చేయి బండి మీద నుంచి పడి పట్టు తప్పింది. అప్పటి నుంచి మగ్గం ఆమెదే. చాలా ఏళ్లు షావుకారు ఇచ్చిన నూలు, షావుకారు చెప్పిన డిజైన్, షావుకారు ఇచ్చిన కూలి. రెండేళ్ల కింద బయటికి వచ్చి సొంతంగా నూలు తెచ్చుకుని నేస్తోంది. కార్డు వస్తే నిలబడుతుంది. రాకపోతే మళ్లీ షావుకారు గడప తొక్కాలి. ఈసారి ఆయన కూలి తగ్గించి ఇస్తానని ఇప్పుడే కబురు పంపాడట. అభ్యంతరాలకు గడువు సోమవారం.

చీర మడత పెట్టి సంచిలో పెట్టుకుంటూ, "ముప్పై తొమ్మిది ఇండ్ల సంగతి బిడ్డా. అందరు రాలేక నన్ను తోలిర్రు," అంది.

పేర్లు మార్చిన వరుసలు

యాదగిరి సారుకు చెప్పాను. ఆయన పట్టిక తీసి మళ్లీ పైనుంచి కిందికి చదివాడు. 'భేష్' వెనక్కి తీసుకుంటున్నాడేమో అనుకున్నాను.

"అమాస సంగతి నీకు తెలుసు, నాకు తెలుసు," అన్నాడు చివరికి. "హైదరాబాదుల కూసున్నోనికి తెల్వది. వానికి కథ చెప్తే కథలెక్కనే ఇంటడు. గడి చూపియ్యాలె."

సుజాతను పిలిచాం. ట్యాబ్ తెచ్చింది. పడమటి వాడ రికార్డులు నలభై ఆరూ అందులో భద్రంగా ఉన్నాయి, ప్రతి దానికీ తేదీతో సహా. నేను ఆ సాయంత్రం ఆగి ఉంటే నా కళ్ల ముందుకే వచ్చేవి. ఆమెను ఏమైనా అనే ఉద్దేశం నాకు లేదు. అయినా ఆమె ముందే చెప్పేసింది: "ప్రశ్న ఎట్ల రాసిర్రో గట్లనే అడిగిన అన్నా. ప్రశ్న మీదే."

నిజం. కాగితం మీద నా పేరే ఉంది.

నేను చేసిందల్లా ఒకటే. వాడలు తీసేసి వాటి జాగాలో రోజులు పెట్టాను. అమాస నాడు రాసిన మగ్గాలు నలభై: నడుస్తున్నది ఒకటి, ఆగినవి ముప్పై తొమ్మిది. తెల్లారి రాసినవి యాభై: నడుస్తున్నవి నలభై ఆరు, ఆగినవి నాలుగు. కింద మొత్తాలు అవే, నలభై ఏడు, నలభై మూడు. ఆ రోజు నడిచిన ఒక్క మగ్గం ఎవరిదని సుజాతను అడిగాం. పెళ్లి చీర ఇవ్వాల్సిన గడువు దాటిపోయిన ఒకాయనదట. ఆయన తల్లి వాకిట్లో కూర్చుని కొడుకును తిడుతుంటే, ఆ తిట్ల మధ్యనే సుజాత ఫారం నింపింది.

హైదరాబాదుకు ఫోన్ చేశాం. అక్కడ పట్టికలు చూసే అధికారి మంచివాడే, తెలివైనవాడు, అదే ఇబ్బంది. మొత్తం విని ఒక ప్రశ్న అడిగాడు. అమాస నాడు మీరు తిరిగింది పడమటి వాడ, తెల్లారి తిరిగింది తూర్పు వాడ. మగ్గాలు ఆగింది రోజు వల్లా, వాడ వల్లా? పడమటి వాడ నిజంగానే చితికిపోయి ఉండొచ్చు కదా?

న్యాయమైన ప్రశ్న. ఇన్నేళ్లలో నేను విన్న ప్రశ్నల్లో అంత మంచి ప్రశ్న ఇంకొకటి లేదు. వరుసకు వాడ పేరు పెట్టినా, రోజు పేరు పెట్టినా లోపల ఉండేవి దాదాపు ఆ మగ్గాలే. స్పీకర్లో ఆయన ఎదురుచూస్తున్నాడు. యాదగిరి సారు నా వైపు చూశాడు. నేను సుజాత వైపు చూశాను. ఇలాంటప్పుడు చూపులు కింది ఉద్యోగి దగ్గర ఆగిపోవడం ఆఫీసు సంప్రదాయం.

సుజాత మాత్రం ట్యాబ్ వైపు చూసింది.

"సార్, పడమటి వాడల ఆరిండ్లకు తాళాలుండె," అంది. "అమాస కదా, చెర్వుగట్టు గుడికి పోయిండ్రని పక్కింటోళ్లు చెప్పిర్రు. తెల్లారి మళ్ల పోయి రాసిన."

అంటే పడమటి వాడవే, కానీ అమాస నాడు రాయనివి, ఆరు మగ్గాలు. మా మొత్తం పట్టికలో రోజును వాడ నుంచి విడదీసి చూపగలిగిన గడి అదొక్కటే. వేలు పెట్టి ఒక్కొక్క రికార్డు తెరిచాను. నడుస్తోంది. నడుస్తోంది. నడుస్తోంది. ఆరుకు ఆరూ నడుస్తున్నాయి.

ఆరిళ్ల వాళ్లు దేవుడి దర్శనానికి వెళ్లడం వల్ల గణాంక శాస్త్రానికి ఇంత మేలు జరిగిన సందర్భం నాకు ఇంకొకటి తెలియదు.

ఆరింటినీ ఫోన్లో చదివి వినిపించాను. తర్వాత ఆయన, "ఆ నెల అమాస నాడు ఇంకా ఎన్ని ఊర్లల్ల తిరిగిన్రు?" అని అడిగాడు. అది మాకు తోచని ప్రశ్న. వెతికితే ఇంకో మూడు ఊళ్లు తేలాయి.

మళ్లీ తిరిగిన రెండు రోజులు

శనివారం, ఆదివారం నేనూ, సుజాతా వెళ్లి పడమటి వాడ మొత్తం మళ్లీ రాశాం. ఈసారి ప్రశ్న మార్చాను: "పోయిన పదిహేను రోజుల్లో మగ్గం ఎన్ని రోజులు నడిచింది?" అడగడానికి పొడుగ్గా ఉంటుంది, మెచ్చుకోవడానికి ఏమీ లేదు, కానీ జవాబు నిజంగా వస్తుంది. తలుపు తీసిన ప్రతి ఇంట్లో చాయ్ తాగాల్సి వచ్చింది. యాదగిరి సారు ఇన్నేళ్లలో తాగినంత చాయ్ నేను రెండు రోజుల్లో తాగాను. ఒక్క ఇంట్లో కూడా తీసివేత చేయలేదు. నలభై ఆరు గడపలకూ వెళ్లి, కళ్లతో చూసిందే రాశాను.

కొత్తగా వచ్చేవాళ్లకు ఇక్కడ రెండు మాటలు. ఖాళీ గడిని మొత్తాల నుంచి నింపొచ్చు, తప్పు లేదు, నా తీసివేత కూడా తప్పు కాదు, ఒక్క అంకె తేడా లేదు. కానీ అలా నింపిన గడి మీరు చూసిన గడి కాదు. దాని పక్కన చిన్న గుర్తు పెట్టుకోండి. రెండోది, ఒక వరుస పక్క వరుసకు పూర్తి ఉల్టాగా కనిపిస్తే ఆ వరుస మనుషుల గురించి తీర్మానం చేసే ముందు, వాళ్ల దగ్గరికి మీరు ఏ రోజు వెళ్లారో చూసుకోండి. పై అధికారి మెచ్చుకున్న రోజున ఇంకొంచెం జాగ్రత్తగా చూసుకోండి.

సోమవారం పొద్దున పట్టిక వెళ్లింది. మధ్యాహ్నానికి ఒప్పుకున్నారు. మిగతా మూడు ఊళ్లకూ మళ్లీ సర్వే వేశారు. ఆ తర్వాత మా కాంట్రాక్టు ఉన్నన్నాళ్లు, తేదీలు వేసే కాగితంలో అమాస అని ఒక నిలువు వరుస ఉండేది. నా పదకొండేళ్ల ఉద్యోగంలో నేను ప్రభుత్వానికి చేర్పించిన ఆస్తి ఆ వరుస. దాని మీద నా పేరు వేయలేదు. బాగానే చేశారు, వేస్తే దాని కథ కూడా వేయాల్సి వచ్చేది.

కొత్త జాబితా అంటించే రోజున నేనే వెళ్లాను. పంచాయతీ గోడ దగ్గర పడమటి వాడ అంతా ఉంది. బాలమణి ముందుకు వచ్చి, తన పేరు వెతుక్కుంది. దొరికింది. వేలు దాని మీద ఒక క్షణం ఉంచింది, అంతకంటే ఏమీ చేయలేదు. వెనక నుంచి ఎవరో, "షావుకారుకు ఫోన్ చెయ్యి అత్తా, ఫికర్ చేస్తుంటడు," అంటే అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. పేర్ల జాబితా కింద ఉన్న పట్టికను చూస్తోంది.

పడమటి వాడ వరుస అడ్డంగా చదివింది. నడుస్తున్నవి నలభై మూడు. ఆగినవి మూడు. మొత్తం నలభై ఆరు.

"గీ మూడు ఎవరివి?" అని నన్ను అడిగింది. నేను నోరు తెరిచేలోపే తనే చెప్పింది. ఒకటి కండ్లు కనబడక మానేసిన పెద్దాయనది. ఒకటి సూరత్ పోయిన వాళ్లది, ఇంటికి తాళం. మూడోది పొయ్యి కిందికి కట్టెలుగా పోయింది, మగ్గమే లేదు, కాళ్లు పెట్టే గుంట మాత్రం ఉంది. మూడూ సరిపోయాయి.

"గీ మూడు గూడ సరిగ్గనే రాసిర్రు," అంది. ముప్పై ఆరు ఇళ్లకు న్యాయం జరిగిన రోజున ఆమె పరీక్ష చేసింది ఆ మూడింటిని. ఈ ఉద్యోగంలో నాకు దక్కిన సర్టిఫికెట్ అదొక్కటే.

ఆ మాట అని, పని ఉంది పోత బిడ్డా అంటూ వెళ్లిపోయింది. ఆమె వెనకే మిగతావాళ్లూ వెళ్లారు. గోడ దగ్గర నేనూ, జిగురు డబ్బా మిగిలాం. కాసేపటికి పడమటి వాడలోంచి మగ్గాల చప్పుడు మొదలైంది. ఒకటి, రెండు, నాలుగు, ఏడు. అలవాటు కొద్దీ లెక్కపెట్టబోయాను. పదో పన్నెండో దాటాక ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి, ఇక నా వల్ల కాలేదు.